గుండె ప్రతిధ్వనిలోని అంకెలు

గుండెజబ్బుతో ఆసుపత్రికి వెళ్ళి వచ్చినవారి ఇంట ఈనాడు తప్పక కనిపించే కాగితం ఒకటి ఉన్నది. పట్టణాలలోనేమి, పల్లెలలోనేమి, దానిని 'టూడీ ఎకో రిపోర్టు' అని అందరూ అంటారు. ఆ కాగితం నిండా ఇంగ్లీషు పొడి అక్షరాలు, మిల్లీమీటర్లు, సెకనుకు ఇన్ని మీటర్లనే లెక్కలు. వాటి నడుమ 'ఇ.ఎఫ్.' అని రెండక్షరాలు, వాటి ప్రక్కన ఒక శాతం. ఇంటివారి చూపు మొట్టమొదట పోయేది ఆ శాతం మీదికే. అది 60 అయితే హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. 30 అయితే ఇల్లు చిన్నబోతుంది. "గుండె ముప్పై పాళ్ళే పనిచేస్తున్నదట" అంటాడు పెద్దకొడుకు. "అంటే బ్రతికే ఆశ ముప్పై పాళ్ళేనన్నమాట" అంటుంది పొరుగింటి ఇల్లాలు. ఆ మాట మీద ఆడపిల్ల పెళ్ళికి తొందర పుడుతుంది. పొలం కాగితాలు బీరువాలోనుంచి బయటికి వస్తాయి.

ఈ రెండు అర్థాలలో ఏదీ సరియైనది కాదు. అట్లని ఆ అంకెకు రాబోయే రోజులతో సంబంధమే లేదనడమూ సరికాదు. రోగి ముందుగతిని గురించి హృదయ ప్రతిధ్వని పరీక్ష ఎంతవరకు చెప్పగలదు, ఎక్కడ మూగపోతుంది, చెప్పినదానిని వైద్యులు ఎట్లు ఉపయోగించుకుంటారు అన్నదే ఈ ప్రసంగ విషయం.

ముందుగా 'హార్ట్ ఫెయిల్యూర్' అనే మాటను కొంచెం విప్పి చూడవలసి ఉన్నది. దీనిని హృదయ వైఫల్యమని అనువదించి మనం రోగులను మరికొంత భయపెట్టామని నా అభిప్రాయం. గుండె ఆగిపోవడం దీని అర్థం కాదు. గుండెపోటు అంతకంటె కాదు. గుండెపోటులో కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకొనిపోయి, ఆ కండరంలో కొంతభాగం చనిపోతుంది. హృదయ వైఫల్యమంటే శరీరం కోరినంత రక్తాన్ని గుండె అందించలేకపోవడం, లేదా తనలోపలి ఒత్తిడిని మితిమీరి పెంచుకొంటేనే గాని అందించలేకపోవడం. ఆ ఒత్తిడి వెనుకకు, ఊపిరితిత్తులలోనికి పాకితే ఆయాసం వస్తుంది. రాత్రివేళ వెల్లకిల పడుకోలేక రోగి లేచి కూర్చుంటాడు. శరీరంలోనికి పాకితే పాదాలు వాస్తాయి. ఇందుకు గుండెపోటు ఒక కారణం. ఏళ్ళ తరబడి అదుపులో లేని రక్తపోటు మరొకటి. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం వలన చెడిన కవాటాలు, మద్యం, కొన్ని సూక్ష్మజీవులు, వంశపారంపర్యంగా వచ్చే కండరపు జబ్బులు ఇంకా ఉన్నవి.

ఈ పరీక్ష పుట్టుక ఒక ఓడల కర్మాగారంతో ముడిపడి ఉన్నది. 1953లో స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్ అనే వైద్యుడు పనిచేస్తూ ఉండేవారు. అప్పుడప్పుడే మిట్రల్ కవాటానికి శస్త్రచికిత్సలు ఆరంభమైన కాలం. ఆ కవాటం ఇరుకైనదా, లేక కారుతున్నదా అన్నది కత్తి పట్టకముందే తెలియాలి. తెలుసుకొనడానికి అప్పుడున్న సాధనాలు చాలవు. ఎడ్లర్ తన ఇబ్బందిని కార్ల్ హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తతో చెప్పుకొన్నారు. సమీపంలోని మాల్మో రేవులో కోకుమ్స్ అనే ఓడల కర్మాగారం ఉన్నది. అక్కడ ఇనుములో పైకి కనపడని పగుళ్ళను శ్రవణాతీత ధ్వనులతో పట్టుకొనే సైమెన్స్ యంత్రం ఉన్నదని తెలిసి హెర్ట్జ్ దానిని ఎరువు తెచ్చారు. ఇద్దరూ కలిసి 1953 అక్టోబరు 29వ తేదీన కదిలే గుండె గోడల ప్రతిధ్వనులను మొదటిసారిగా చిత్రించారు.

రేడియోలో పనిచేసేవారికి ఈ హెర్ట్జ్ అనే పేరు పరాయిది కాదు. ఇన్ని కిలోహెర్ట్జ్‌ల మీద, ఇన్ని మెగాహెర్ట్జ్‌ల మీద అని ప్రకటన చేసేటప్పుడు మేము ఉచ్చరించేది ఈయన తాతగారి సోదరుడైన హైన్రిక్ హెర్ట్జ్ పేరునే. రేడియో తరంగాలను ప్రయోగంలో పట్టి చూపినవారాయన. కార్ల్ హెల్ముట్ తండ్రి గుస్టావ్ హెర్ట్జ్ 1925వ సంవత్సరపు నోబెల్ బహుమతి గ్రహీత. ఒకప్పుడు సైమెన్స్ సంస్థ పరిశోధనశాలకు అధ్యక్షులు కూడ. ఎడ్లర్, హెర్ట్జ్‌లకు 1977లో అమెరికాలో లాస్కర్ బహుమానం వచ్చింది. వారి మొదటి దినాలలో ఒక విచిత్రం జరిగింది. ఎడమ కర్ణిక ముందు గోడ నుండి వస్తున్నదని వారు భావించిన ప్రతిధ్వని నిజానికి మిట్రల్ కవాటపు ముందు రేకు నుండి వస్తున్నదని తరువాత తేలింది. వారు వెదుకుతున్నది కూడ ఆ కవాటాన్నే గదా!

పరీక్ష పద్ధతి సులభంగానే అర్థమవుతుంది. మన చెవికి సెకనుకు 20 మొదలు 20,000 కంపనాల వరకు వినిపిస్తాయి. పెద్దలకు గుండె పరీక్ష చేసే ధ్వని సెకనుకు ఇరవై లక్షలకు పైబడిన కంపనాలు గలది. రోగిని ఎడమప్రక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, ఎముకల సందులలో జిగురు వంటి జెల్లీ రాసి, చేతిలో ఇమిడే ఒక పరికరాన్ని ఆనిస్తారు. ఆ పరికరంలోని స్ఫటికాలు విద్యుత్తు సోకితే కంపిస్తాయి. కంపనం తగిలితే విద్యుత్తును పుట్టిస్తాయి. కనుక నోరూ అదే, చెవీ అదే. ధ్వని శరీరపు మెత్తని ధాతువులలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో పోతుంది. పది సెంటీమీటర్ల లోతున ఉన్న గోడను తాకి తిరిగి రావడానికి సెకనులో 7,700వ వంతు కాలం చాలు. ఆ కాలాన్ని కొలిచి దూరాన్ని తెలుసుకొంటారు. గాలిని దాటి ఈ ధ్వని పోలేదు. అందుకే ఆ జెల్లీ. ఊపిరితిత్తులు ఉబ్బిన రోగులలో చిత్రం మసకబారడానికి కారణమూ అదే. ఆదిలో ఒక్క గీత వెంబడి మాత్రమే ప్రతిధ్వనులు కనిపించేవి. 1970ల నాటికి అడ్డము, నిలువు గల కదిలే చిత్రం వచ్చింది. మన జనం నోట నానిన 'టూడీ' అనే మాటకు అర్థం ఆ రెండు కొలతలు.

దీనికి తోడు డాప్లర్ సూత్రం. దగ్గరకు వచ్చే రైలు కూత హెచ్చుస్థాయిలోను, దూరమయ్యే రైలు కూత తగ్గుస్థాయిలోను వినబడుతుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన ఈ సూత్రాన్ని అనుసరించి, రక్తకణాలనుండి మరలి వచ్చే ధ్వనిలోని మార్పును బట్టి రక్తం ఎటు పోతున్నది, ఎంత వేగంగా పోతున్నది తెలుస్తుంది. తెర మీద ఎరుపు, నీలం రంగులు కనిపించేది ఇందుకే. ఎరుపు మంచి రక్తమనీ, నీలం చెడు రక్తమనీ కొందరు భ్రమపడతారు. ఎరుపు పరికరం వైపు వచ్చేది, నీలం దానికి దూరంగా పోయేది. అంతకంటె విశేషం లేదు. 1970లలో నార్వే దేశంలో యార్లె హోలెన్, లీవ్ హాట్లె మొదలైనవారు ఈ వేగాన్ని బట్టి లోపలి ఒత్తిడుల తేడాను గణించవచ్చునని చూపారు. వేగాన్ని వేగంతో హెచ్చవేసి, దానిని నాలుగుతో హెచ్చవేస్తే చాలు. సెకనుకు మూడు మీటర్ల వేగమైతే ముప్పదియారు మిల్లీమీటర్ల పాదరసం. గుండెలోనికి గొట్టం పంపనిదే తెలియని సంగతి చర్మం మీదనుండి తెలియవచ్చింది.

ఇక ఆ ఇ.ఎఫ్. సంగతి. అక్షరాల విస్తరణ 'ఇజెక్షన్ ఫ్రాక్షన్'. ఎడమ జఠరిక పూర్తిగా నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో, ఒక్క ముడుచుకోవడంతో ఎంత వంతు బయటికి పోతున్నదో చెప్పే భాగహారం అది. ఆరోగ్యవంతుని జఠరికలో నిండినప్పుడు 120 సి.సి.ల రక్తం ఉన్నదనుకుందాం. ముడుచుకొన్న పిదప 50 మిగిలింది. బయటికి పోయినది 70. డెబ్బదిని నూట ఇరవైతో భాగిస్తే 58 శాతం. గమనించవలసినదేమంటే, ఏ గుండె కూడ నూటికి నూరుపాళ్ళు ఖాళీ కాదు. పురుషులలో 52 మొదలు 72 వరకు, స్త్రీలలో 54 మొదలు 74 వరకు సహజమని వైద్యసంఘాలు నిర్ణయించినవి. కనుక 60 అంటే నలభై పాళ్ళు చెడిపోయినదని కాదు. అది నిండైన గుండె.

ఇప్పుడు బలహీనపడిన గుండెను తీసుకుందాం. అది సాగి, పెద్దదై, నిండినప్పుడు 220 సి.సి.లు పట్టుకొంటున్నది. ముడుచుకొన్న తరువాత 150 మిగిలిపోతున్నది. బయటికి పోయినది ఎంత? మళ్ళీ 70! కాని శాతం 32 మాత్రమే. ఆ వేళకు శరీరానికి అందిన రక్తం ఉభయులకూ ఒక్కటే. అందుచేతనే ఇ.ఎఫ్. 30 ఉన్న మనిషి కూర్చుని పేపరు చదువుకొంటూ మనతో మామూలుగా మాట్లాడగలడు. అతనికి ముప్పై పాళ్ళ రక్తమే అందుతున్నదనడం తప్పు. అయితే అంతే రక్తాన్ని పంపడానికి ఆ గుండె సాగిపోవలసి వచ్చింది. సాగిన గోడల మీద బరువు హెచ్చు. ఆ బరువు వలన కండరం ఇంకా అలసిపోతుంది. అలసిన కొద్దీ ఇంకా సాగుతుంది. గండి పడిన గట్టును నీరే కోసుకొనిపోయినట్లు, ఈ జబ్బు తనను తానే పెంచుకొంటుంది. ఇ.ఎఫ్. చెప్పేది ఈ సాగుడు ఎంతవరకు వచ్చినదో. భవిష్యత్తుతో దానికి గల బంధుత్వం అక్కడ ఉన్నది.

ఆ బంధుత్వాన్ని లెక్కకట్టినవారు ఉన్నారు. 2005లో 'చార్మ్' అనే పెద్ద పరిశోధనలోని 7,599 మంది హృదయ వైఫల్య రోగుల వివరాలు ప్రకటితమైనవి. ఇ.ఎఫ్. 45కు దిగువన ఉన్నవారిలో, అది పది పాయింట్లు తగ్గిన కొద్దీ మరణావకాశం 39 శాతం చొప్పున హెచ్చింది. దీనిని కూడ జాగ్రత్తగా చదవాలి. నూటికి 39 మంది అదనంగా మరణించారని దీని భావం కాదు. ఏడాదికి నూటికి పదిమంది మరణించే చోట సుమారు పధ్నాలుగుమంది మరణిస్తారని భావం. ఇంకొక విశేషం: 45 దాటిన తరువాత ఆ సంబంధం కనపడలేదు. 50 ఉన్నవారి కంటె 65 ఉన్నవారు దీర్ఘకాలం జీవించారనడానికి ఆధారం దొరకలేదు.

ఇది పరిశోధకులను మరొక దారి పట్టించింది. 2006లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు హృదయ వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన నాలుగువేలకు పైబడిన రోగులను పరిశీలించారు. వారిలో దాదాపు సగంమందికి ఇ.ఎఫ్. 50 గాని, అంతకు మించి గాని ఉన్నది. రిపోర్టులో అంకె బాగున్నది. మనిషికి ఆయాసం తగ్గలేదు. ఏడాది లోపల మరణించినవారు అంకె తగ్గినవారిలో నూటికి 32, అంకె నిలిచినవారిలో నూటికి 29. తేడా స్వల్పం! వీరిలో జబ్బు ముడుచుకోవడంలో కాదు, విచ్చుకోవడంలో ఉన్నది. గుండె గోడలు బిరుసెక్కి, రక్తాన్ని లోపలికి తీసుకొనడానికే కష్టపడతాయి. రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం గల వృద్ధులలో, అందులోను స్త్రీలలో ఇది తరచు. "ఎకో బాగానే ఉన్నది, అంతా మనసులోని బెంగ" అని ఇట్టివారిని ఇంటికి పంపిన కాలం ఒకటి ఉండేది. ఆ కాలం పూర్తిగా గతించినదని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

విచ్చుకొనే శక్తిని కొలిచేది డాప్లరు. ఎడమ కర్ణికనుండి జఠరికలోనికి రక్తం రెండు విడతలుగా వస్తుంది: కవాటం తెరుచుకోగానే వచ్చే మొదటి వరవడి, చివరన కర్ణిక ముడుచుకొని నెట్టే రెండవ వరవడి. కర్ణికలో ఒత్తిడి మిక్కుటమై, జఠరిక బిరుసై ఉన్నప్పుడు మొదటిది ఉరవడిగా దూకి చప్పున ఆగిపోతుంది, రెండవది నామమాత్రమవుతుంది. ఈ తీరు కనిపించిన రోగులకు, ఇ.ఎఫ్. ఏదైనా సరే, ముప్పు హెచ్చు. కాని నీరు తీసే మందులు, ఇతర చికిత్సలు ఇచ్చిన పిదప ఆ తీరు మారితే ముందుగతి మెరుగు. ఎంత చికిత్స చేసినా మారకపోతే కష్టం. ఒక్కసారి తీసిన చిత్రం కంటె, చికిత్సకు గుండె ఇచ్చిన సమాధానం ఎక్కువ చెపుతుందన్నమాట.

ఎడమ కర్ణిక పరిమాణం కూడ వైద్యులు తప్పక చూస్తారు. వంతెన స్తంభాల మీద వరదలు విడిచిపోయిన మరకలను మీరు చూసే ఉంటారు. ఈ రోజు నీరు దిగువనే ఉండవచ్చు. ఏళ్ళుగా ఎంత ఎత్తున పారినదో ఆ మరక చెపుతుంది. కర్ణిక అట్టిది. ఏళ్ళ తరబడి ఒత్తిడిని ఓర్చుకొని అది ఉబ్బుతుంది. ఒంటి వైశాల్యపు చదరపు మీటరుకు 34 సి.సి.లు దాటితే పెద్దదైనట్లు లెక్క. కుడివైపు గుండెను చాలకాలం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. దాని కవాటపు అంచు ఒక్కొక్క స్పందనకు ఎంత క్రిందికి దిగుతున్నదో చూస్తారు. 17 మిల్లీమీటర్లకు తగ్గితే కుడి జఠరిక అలసినదని అర్థం. ఎడమవైపు బలహీనతకు ఇది తోడైతే రోగి స్థితి మరింత చిక్కులో ఉన్నట్లే. ఇటీవలి కాలంలో కండరంలోని చుక్కలను ఒక్కొక్కదానినే వెంబడించి, అది పొడవునా ఎంత కురచ అవుతున్నదో కొలిచే పద్ధతి కూడ వచ్చింది. సహజంగా సుమారు 20 శాతం కురచ కావలె. ఇ.ఎఫ్. తగ్గకమునుపే ఇది తగ్గుతుంది గనుక, గుండెకు హాని చేయగల క్యాన్సరు మందులు వాడేవారిలో దీని ఉపయోగం ఎక్కువ.

ఈ అంకెల వలన చికిత్సలో ఏమి మారుతుందన్నది అసలు ప్రశ్న. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. వానాకాలంలో ఈ అంకెలను చదవడం మా ఉద్యోగధర్మంలో ఒక భాగం. 43 అన్న మాట వినగానే ఊరు మునిగినదని ఎవరూ అనుకోరు. లంకలలోని జనాన్ని, గొడ్లను తరలించాలని అనుకుంటారు. ఎకో అంకెలను వైద్యులు చూసే తీరు ఇదే. ఇ.ఎఫ్. 40 గాని, అంతకు తక్కువ గాని ఉంటే నాలుగు తరగతుల మందులు ఆరంభించాలన్నది నేటి నియమం: బీటా బ్లాకర్లు, ఏ.సి.ఇ. నిరోధకాలు గాని, సాక్యుబిట్రిల్ కలిసిన మందు గాని, స్పైరోనోలాక్టోన్ జాతి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే, మొదట మధుమేహానికి వచ్చిన మందులు. ఈ చివరి తరగతి, ఇ.ఎఫ్. నిలిచి ఉన్న బిరుసు గుండెలకు కూడ మేలు చేస్తుందని 2021, 2022 సంవత్సరాల పరిశోధనలలో తేలింది. వారికి ఏమి ఇవ్వాలో తోచని వైద్యులకు అది పెద్ద ఊరట.

అదే విధంగా 35 ఒక హెచ్చరిక మట్టం. బలహీనమైన గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉన్నది. అట్లు లయ తప్పినప్పుడు విద్యుద్ఘాతంతో సరిదిద్దే చిన్న యంత్రాన్ని చర్మం క్రింద అమర్చవచ్చు. 2002లో ప్రకటితమైన 'మాడిట్' రెండవ పరిశోధనలో, గుండెపోటు వచ్చి ఇ.ఎఫ్. 30కి మించని 1,232 మందిని తీసుకొన్నారు. సగటున ఇరవై నెలలలో యంత్రం లేనివారిలో నూటికి 19.8 మంది, యంత్రం గలవారిలో 14.2 మంది మరణించారు. కేవలం ఆ ఒక్క అంకెను బట్టి ఎంపిక చేసినా ఇంత ఫలితం వచ్చింది. కాని డెన్మార్కులో 2016లో, గుండెపోటుతో నిమిత్తం లేకుండా బలహీనపడిన గుండెలు గలవారిలో ఇదే పరీక్ష చేస్తే, హఠాన్మరణాలు సగానికి తగ్గినా మొత్తం మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. వ్యాధిమూలం వేరైతే ఒకే అంకెకు అర్థం వేరు. ఈ యంత్రం విషయంలో మొదటి ఎకో చూసి తొందరపడరు. మందులు కనీసం మూడు నెలలు సక్రమంగా వాడిన పిదప తిరిగి కొలిచి, అప్పటికీ 35 దాటకపోతేనే నిర్ణయిస్తారు. గుండెపోటు వచ్చిన వెంటనే అదిరిపోయి కదలని కండరం కొన్ని వారాలలో తేరుకొనవచ్చును గదా.

"మరి మా నాన్నగారికి ఇంకెన్నాళ్ళు?" అని కొడుకు అడిగే ప్రశ్నకు ఎకో ఒక్కటే సమాధానం చెప్పలేదు. 2013లో 30 పరిశోధనలనుండి 39,372 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి, మరణావకాశాన్ని గణించే పట్టిక ఒకటి తయారుచేశారు. అందులో పదమూడు విషయాలు ఉన్నవి: వయస్సు, స్త్రీపురుష భేదం, ఒంటి బరువు, పొగత్రాగడం, రక్తపోటు తగ్గి ఉండడం, మధుమేహం, ఊపిరితిత్తుల జబ్బు, మూత్రపిండాల పనితనం చెప్పే క్రియాటినిన్, ఎంత పనికి ఆయాసం వస్తున్నది, జబ్బు తెలిసి ఎంతకాలమైనది, రెండు రకాల మందులు వాడుతున్నదీ లేనిదీ, చివరకు ఇ.ఎఫ్. పదమూడింటిలో ఎకో ఇచ్చినది ఒక్కటి. మందులు వాడకపోవడం కూడ ముప్పును పెంచే అంశాలలో చేరినదని గమనించండి. ఇంతా చేసి ఆ పట్టిక చెప్పేది ఇట్టి రోగులు నూరుమంది ఉంటే ఎందరన్నదే. ఆ నూరుగురిలో మన మనిషి ఎటువైపువాడో అది చెప్పదు.

మన దేశపు లెక్కలు వింటే మనసు కలత చెందుతుంది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 2013లో 18 ఆసుపత్రులలో హృదయ వైఫల్యంతో చేరిన 1,205 మందిని పట్టికలో చేర్చి వెంబడించారు. వారి సగటు వయస్సు 61. పాశ్చాత్య దేశాల రోగుల కంటె పదేళ్ళు చిన్నవారు. మూడేళ్ళలో నూటికి 45 మంది మరణించారు. గుండె ముడుచుకొనే శక్తి తగ్గినదని తెలిసినవారిలో, నియమం ప్రకారం వాడవలసిన మందులన్నీ చీటీ మీద వ్రాయించుకొని ఇంటికి వెళ్ళినవారు నాలుగింట ఒక వంతు. నీటిమట్టం కొలిచారు, హెచ్చరిక వినిపించింది, పడవలు మాత్రం బయలుదేరలేదు.

రిపోర్టును చదివేటప్పుడు మరికొన్ని సంగతులు తెలిసి ఉండడం మేలు. ఇ.ఎఫ్. తూకం వేసి చెప్పిన బరువు వంటిది కాదు. జఠరిక అంచులను కంటితో చూసి గీసి గణించేది. ఒకే మనిషికి ఒకే రోజున ఇద్దరు నిపుణులు కొలిస్తే అయిదు మొదలు పది పాయింట్ల వరకు తేడా రావచ్చును. క్రితంసారి 35, ఈసారి 38 అయితే పండుగ చేసుకోనక్కరలేదు. 38 నుండి 35కు దిగితే గుండె బాదుకోనక్కరలేదు. 25 నుండి 45కు పెరిగితే అది నిజమైన మార్పు. మిట్రల్ కవాటం బాగా కారుతున్నవారిలో ఈ అంకె కొంత మోసం కూడ చేస్తుంది. వెనుకకు పోయిన రక్తాన్ని కూడ బయటికి పోయినదిగానే లెక్కించడం వలన, అలసిన గుండె కూడ మంచి శాతం చూపుతుంది. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పదివేలకు పైబడిన ఎకో చిత్రాలతో కంప్యూటరుకు ఈ కొలత నేర్పారు. దాని సగటు తేడా నాలుగు పాయింట్లకు కొంచెం పైన. మనుషుల మధ్య ఉండే తేడాతో పోలిస్తే అది తీసివేయవలసినది కాదు.

అంకె పెరిగినప్పుడు వచ్చే ప్రమాదం ఒకటున్నది. మందులు వాడి, ఇ.ఎఫ్. 28 నుండి 55కు వచ్చిన మనిషి, "నాకు నయమైంది గదా, ఇంక ఈ మాత్రలెందుకు?" అంటాడు. అడగవలసిన ప్రశ్నే. లండనులో దానిని పరీక్షించి చూశారు. గుండె సాగిన జబ్బునుండి కోలుకొని, ఇ.ఎఫ్. 50 దాటి, ఏ ఆయాసమూ లేని 51 మందిని తీసుకొని, 25 మందికి వైద్యుల కంటి ఎదుట క్రమక్రమంగా మందులు మాన్పించారు. మిగిలిన 26 మంది వాడుతూనే ఉన్నారు. 2019లో ప్రచురితమైన ఫలితమిది: ఆరునెలలలో మానినవారిలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది, వాడినవారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. ఎకో చిత్రం బాగుపడడం, జబ్బు పోవడం రెండూ ఒకటి కావు. ఎవరు నిర్భయంగా మానవచ్చునో ముందుగా చెప్పగల గుర్తు ఆ పరిశోధనలో దొరకలేదు.

ఈ కారణాల చేత రెండవ ఎకోకు పోయేటప్పుడు మొదటి రిపోర్టును, వీలైతే సి.డి.ని కూడ వెంట తీసుకొనిపోవాలి. సాధ్యమైనంతవరకు అదే చోట చేయించుకొనడం మంచిది. నడుమ మొదలుపెట్టిన మందులు, మానిన మందులు, ఎన్ని మెట్లు ఎక్కితే ఆయాసం వస్తున్నది, పడుకొనడానికి ఎన్ని దిండ్లు కావలసి వస్తున్నది, ఈ వారంలో బరువు పెరిగినదా అన్న సంగతులు నోటితో చెప్పాలి. పరికరానికి అవి వినబడవు. మన ఇళ్ళలో పాత రిపోర్టులు మందుల సంచీలో నలిగి, చిరిగి, ఆఖరుకు ఎక్కడో పోతాయి. అవి లేనిదే, ఎదుట ఉన్న 38 అనే అంకె ఎక్కుతున్నదా, దిగుతున్నదా అన్నది పరీక్ష చేసే డాక్టరుగారికి కూడ తెలియదు.